పురుగుని నలుపు, నాన్నా!

కుడి మోచేతి మీద గడ్డకట్టిన పచ్చి బఠాణీల పొట్లం పెట్టుకుని, ఎడమచేత్తో టైపు చేస్తున్నాను. అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

నిన్న సాయంత్రం సంగతిది. 2023లో టెక్సస్ రేంజర్స్ వరల్డ్ సిరీస్ గెలిచిన దగ్గర్నుంచి డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా సందు పిల్లలకి బేస్‌బాల్ పూనకం పట్టుకుంది. మావాడికి కాస్త ఆలస్యంగా, ఈ ఏడు పట్టింది. తొమ్మిదేళ్ళు వాడికి. వచ్చే శనివారం వాళ్ళ టీముకీ, టీములో పిల్లల అమ్మానాన్నలకీ సరదాగా ఓ మ్యాచ్ పెట్టారు. "నువ్వు తెనాలిలో సిక్సర్లు కొట్టేవాడివి కదా నాన్నా" అన్నాడు. వాడికి చిన్నప్పుడు అన్నం తినిపించడానికి చెప్పిన కథలవి. అన్నం వాడికెప్పుడో అరిగింది, కథలే అరగలేదు. సరే, ముందోసారి చెయ్యి తిప్పుకుందామని బ్యాటింగ్ కేజ్‌కి వెళ్ళాం.

చూడనివాళ్ళ కోసం: పొడుగాటి వల సొరంగం. ఆ చివర బంతులు విసిరే మెషీన్, ఈ చివర మనం. ఒక టోకెన్‌కి ఇరవై బంతులు. టోకెన్ మింగిందంటే ఇరవయ్యీ కక్కేదాకా మెషీన్ ఊరుకోదు. లోపలున్నవాడు ఆపడానికి మీటా లేదు, బొత్తామూ లేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

హెల్మెట్ సంగతి వదిలేద్దాం.

మొదటి పదకొండు బంతుల గురించీ చెప్పుకోడానికేం లేదు. వచ్చాయి, వెళ్ళాయి. నాకూ వాటికీ ఏ సంబంధమూ లేదు. నిజానికి నాకు ధైర్యంగానే ఉంది. గల్లీ క్రికెట్లో ఫుల్‌టాస్ పడిందంటే పండగే కదా, ఇక్కడ ప్రతి బంతీ ఫుల్‌టాసే. కాకపోతే చేతిలో ఉన్నది అప్పడాల కర్రకి పెద్దన్నయ్య. పలక బ్యాటుతో పెరిగినవాడికి ఈ గుండ్రటి కర్ర ఏ వైపు ముఖమో, ఏ వైపు వీపో అర్థం కాదు.

పదకొండు బంతులు పోయేసరికి సలహాలు మొదలయ్యాయి.

వలకి అవతల మడత కుర్చీలో ఓ అన్నగారు కూర్చున్నారు. 1998లో అమెరికా వచ్చారు. ఆ సంగతి పలకరించిన రెండో వాక్యంలోనే చెప్పారు. వాళ్ళబ్బాయి హైస్కూల్ టీములో ఉన్నాడట. ఉండటానికీ ఆడటానికీ తేడా ఏమిటని నేను అడగలేదు. "పైనించి కిందికి నరుకు తమ్ముడూ, కట్టె కొట్టినట్టు నరుకు!" అన్నారాయన. పక్క కేజ్‌లోని తెల్లాయన, నేనడక్కుండానే, వెనక మోచెయ్యి పైకెత్తమని తన చెయ్యెత్తి చూపించాడు. మా ఆవిడ "బంతిని చూసి కొట్టండి" అంది. కారులో "రోడ్డు చూసి నడపండి" అనే గొంతే అది. మావాడేమో ఫోను పట్టుకుని వీడియో తీస్తూ, "పురుగుని నలుపు, నాన్నా! పురుగుని నలుపు!" అని ఒకటే అరుపు.

పురుగంటే వాళ్ళ కోచ్ గారి ఉపదేశం. బ్యాట్ తిప్పేటప్పుడు వెనక కాలి బొటనవేలి కింద పురుగు ఉందనుకుని మడమ తిప్పుతూ నలపాలట. ఈ దేశంలో తాతల కాలం నుంచీ పిల్లలకి ఇదే చెబుతున్నారు. అరగంటకి 50 డాలర్లు పుచ్చుకునే ప్రైవేటు మాష్టారు కూడా రెండు క్లాసులు వరసగా ఈ పురుగు మీదే గడిపాడు. వంద డాలర్లు. ఆ డబ్బుతో మా పెరట్లో నిజం పురుగులన్నింటికీ మందు కొట్టించేవాణ్ణి.

ఇక పన్నెండో బంతి.

మెషీన్ మీద 60 అని రాసుంది, అంటే గంటకి 60 మైళ్ళు. సెకనుకి 88 అడుగులన్నమాట. పిల్లల లీగుల్లో పిచ్చర్‌కీ (అంటే బంతి విసిరేవాడికీ) ప్లేట్‌కీ (అంటే కొట్టేవాడు నిలబడే చోటుకీ) మధ్య దూరం 46 అడుగులు, మా మెషీనూ ఇంచుమించు అంతే దూరంలో ఉంది. భాగించండి. అర సెకనుకి ఓ వెంట్రుకవాసి ఎక్కువ. ఆ అర సెకనులో నేను మోచెయ్యెత్తి, పురుగుని నలిపి, కట్టె నరికి, బంతిని చూడాలి. ఆఫీసులో ఇన్ని పనులు ఒక వారంలో చెయ్యమంటే మేనేజర్‌కి మెయిలు పెడతాను.

ముందు మోచెయ్యెత్తాను. ఎగరబోయి మానుకున్న కోడిపుంజులా ఉన్నానని తర్వాత వీడియోలో తేలింది. ఎత్తిన మోచెయ్యి దింపితేగానీ బ్యాటు కదలదన్న సంగతి తెల్లాయన చెప్పలేదు. పెద్ద ఆటగాళ్ళలోనూ కొందరు ఎత్తే నిలబడతారు. కానీ బంతి వచ్చేలోపు ఆ చెయ్యి పక్కటెముకల దగ్గరికి జారిపోయి ఉంటుంది. వాళ్ళ చేతులకి ఆ వేగం ఉంది, నాకూ మావాడికీ లేదు. మా చేతులు దిగొచ్చేసరికి బ్యాటు ఊరంతా తిరిగి వస్తుంది.

తర్వాత పురుగు. ఒప్పుకుంటున్నాను, కిందికి చూశాను. అంతసేపు పురుగూ పురుగూ అని అరుస్తుంటే ఎవడైనా చూస్తాడు. అక్కడ పచ్చటి ప్లాస్టిక్ గడ్డి తప్ప ఏమీ లేదు. అయినా నలిపాను. బ్రహ్మాండంగా నలిపాను. మడమ అలా లేచి, మునివేళ్ళ మీద ఇలా ఒక మెలిక తిరిగింది. ఇంటికొచ్చాక మా ఆవిడ, "కొట్టడం రాలేదు సరే, కాలితో నలపడం అంత బాగా ఎక్కడ నేర్చుకున్నారు?" అని నింపాదిగా అడిగింది. పెళ్ళికి ముందే మానేశానని నేను చెప్పిన సిగరెట్ల లెక్క ఇప్పుడు మళ్ళీ తెరిచారు. అది వేరే ఫైలు.

రాత్రి నొప్పికి నిద్రపట్టక పెద్ద పెద్ద బ్యాటర్ల స్లో మోషన్ వీడియోలు చూస్తూ కూర్చున్నాను. ఒక్కడైనా పురుగుని నలిపితే ఒట్టు! ముందు కాలు నేలలో దిగేసినట్టు గట్టిగా నిలబడుతుంది. దాని మీద నడుము తిరుగుతుంది, నడుము వెనక ఛాతీ, ఛాతీ వెనక చేతులు, అన్నిటికన్నా చివర బ్యాటు. వెనక కాలు పాపం వీటన్నిటి వెంటా ఈడ్చుకుంటూ వస్తుందంతే. చాలామందికి బంతి తగిలే క్షణానికి ఆ కాలి వేళ్ళు నేలమీద ఆనీ ఆనకుండా ఉన్నాయి, కొందరికి గాల్లోనే ఉన్నాయి. ఆర్టీసీ బస్సు కదిలితే వెనకున్న నిచ్చెనా కదులుతుంది. నిచ్చెన పట్టుకుని ఊపితే బస్సు కదుల్తుందా? మాష్టారు నా దగ్గర వంద డాలర్లు తీసుకుని రెండు క్లాసులు నిచ్చెన ఊపించాడు.

ఎక్కడున్నాం? బంతి ఇంకా దార్లోనే ఉంది.

నరకడం మిగిలింది. అన్నగారి మాట మీద పైనించి కిందికి, అటక మీంచి ట్రంకుపెట్టె దింపినంత బలంగా నరికాను. ఇందులో తిరకాసేమిటంటే, పిచ్చర్ నిలబడేదే మిట్ట మీద. పెద్దవాళ్ళ ఆటలో ఆ మిట్ట 10 అంగుళాలు. చెయ్యెత్తి విసురుతాడు, ఆపైన భూమి లాగుతుంది. కాబట్టి బంతి మనదాకా కాస్త దిగుతూ వస్తుంది. దాన్ని గుద్దాలంటే బ్యాటు అదే పట్టాల మీద ఎదురెళ్ళాలి, అంటే కాస్త లేస్తూ వెళ్ళాలి. అప్పుడు కాస్త ముందైనా, కాస్త వెనకైనా ఎక్కడో ఒకచోట తగులుతుంది. పైనించి నరికితే పట్టాల్ని అడ్డంగా దాటినట్టే. సరిగ్గా ఆ క్షణానికి రైలొస్తే తగులుతుంది, లేకపోతే లేదు. ఇది నా సొంత తెలివి కాదు. 1941లో .406 సగటు కొట్టిన, అంటే పదింటికి నాలుగుసార్ల పైనే హిట్ కొట్టిన బేస్‌బాల్ దిగ్గజం టెడ్ విలియమ్స్ బ్యాటు కొంచెం పైకి లేస్తూ రావాలని ఏనాడో నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఆయన ఆడిన అమెరికన్ లీగ్‌లో ఆయన తర్వాత .400 అందుకున్నవాడు ఈనాటికీ లేడు. అంతటాయన మాట మా పార్కు మడత కుర్చీల దాకా ఇంకా చేరలేదు.

బంతిని చూడటం అంటారా, కిందికి చూస్తున్నానని చెప్పాగా. చూసినా లాభం లేదట. చివరి నాలుగైదు అడుగుల్లో మనిషి కన్ను బంతి వెంట తిరగలేదని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. ఈ మాట మా ఆవిడకి చెప్పాను. "రోడ్డు సంగతి కూడా తేల్చారా?" అంది.

ఇప్పుడన్నీ ఒక్కసారి కలపండి. మోచెయ్యి ఆకాశంలో, చూపు పురుగు మీద, మడమ తిరిగిపోయింది, నడుము ఇంకా బయల్దేరలేదు, చేతులు మాత్రం కట్టె నరకడానికి దూకాయి. పైగా గ్లవ్స్ లేవు, అరచేతుల నిండా చెమట. ఫ్రిస్కో ఎండలో ఎవరికుండదు? బంతి తనదారిన తను వెళ్ళిపోయింది. బ్యాటు కూడా తనదారిన తను వెళ్ళిపోయింది. నేను రెండు చుట్లు తిరిగి, మెషీన్‌కి వీపు పెట్టి, మా ఆవిడకి ఎదురుగా చతికిలబడ్డాను.

పైకి చూస్తే కప్పు వలలో బ్యాటు పిడి ఇరుక్కుని, గబ్బిలంలా తలకిందులుగా వేలాడుతోంది. దాని వంకే చూస్తూ కూర్చున్నానా, పదమూడో బంతి చెవి పక్కనించి ఝుయ్యిమంటూ పోయింది.

గుర్తుందిగా, మీటా లేదు, బొత్తామూ లేదు.

బయటపడదామని వల పట్టుకున్నాను. లోపలికొచ్చేటప్పుడు ఒక మడత పక్కకి లాగి వచ్చినట్టు గుర్తు. ఇప్పుడు ఏ మడతో తెలీదు. పొడుగాటి దిండు గలీబులో తలదూర్చి మూతి వెతుక్కున్నట్టుంది నా పరిస్థితి. పద్నాలుగు, పదిహేను. ఓ గెంతు గెంతి బ్యాటు అందుకోబోయాను, అందలేదు. పదహారు. "కాళ్ళు వంచు తమ్ముడూ, కాళ్ళు వంచు!" అని కుర్చీలోంచి కొత్త పాఠం. పదిహేడోది సరిగ్గా నేను పైకెత్తి ఉంచిన ఆ మోచేతికే వచ్చి తగిలింది. ఆటలోనైతే బంతి ఒంటికి తగిలితే బ్యాటర్‌కి ఊరికే ఫస్ట్ బేస్, అంటే పరుగు దారిలో మొదటి మజిలీ, ఇస్తారు. ఇక్కడ నాకు ఇవ్వడానికి ఎవరిదగ్గరా ఏమీ లేదు.

మిగిలిన మూడూ మూల నక్కి, హెల్మెట్ ముఖానికి అడ్డం పెట్టుకుని గడిపాను.

కౌంటర్ దగ్గరి కుర్రాడు పొడుగాటి గడ పట్టుకొచ్చి, చివరున్న కొక్కేంతో రెండు నిమిషాల్లో బ్యాటు దించాడు. కొక్కేం దగ్గర గడ బాగా అరిగిపోయి ఉంది. నిన్నంతా నాకు దక్కిన ఓదార్పు అదొక్కటే.

కారెక్కేలోపే వీడియో ఫ్యామిలీ గ్రూపుకి చేరింది. తెనాలి నుంచి మా మేనమామ తెల్లారుజామునే లేచి చూశాడు. "బ్యాటు గట్టిగా పట్టుకోవాలి అల్లుడూ" అని రాశాడు. వచ్చిన సలహాలన్నిట్లో అదొక్కటే పనికొచ్చేలా ఉంది. టీము గ్రూపులో పెట్టొద్దురా అని మావాడికి మాత్రం గట్టిగా చెప్పాను. "సరే నాన్నా" అన్నాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ఇప్పుడే కోచ్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. శనివారం మ్యాచ్‌కి పెద్దవాళ్ళ టీము జాబితా. నాలుగో బ్యాటర్‌గా నా పేరు, పేరు పక్కన చిన్న పురుగు బొమ్మ.