బిందెతో సహా

మా సంఘంలో యోహానులు నలుగురు, యేసుదాసులు ముగ్గురు. మరియమ్మల లెక్క ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. గుమ్మంలో నిలబడి "యోహానూ" అని పిలిస్తే మగవాళ్ల వైపు ఓ బెంచీ బెంచీ లేచి నిలబడుతుంది. అందుకని విశాఖపట్నమే మాకు ఇంటిపేర్లు సర్దిపెట్టింది. పోర్టు మావయ్య, షిప్‌యార్డు బాబాయి, డాక్‌యార్డు అన్నయ్య, కాల్టెక్సు తాతగారు. 1957లో కాల్టెక్సు పేరుతో మొదలైన రిఫైనరీ హిందుస్థాన్ పెట్రోలియం అయిపోయి దశాబ్దాలు గడిచాయి. కంపెనీ పేరు మార్చుకుంది గానీ తాతగారు మార్చుకోలేదు. ఇక ఆయా మహానుభావుల భార్యలు ఆయా కంపెనీల అత్తయ్యలే. ఈ కథంతా పోర్టు అత్తయ్యది. ఆవిడ జీవితంలో ఓడ ఎక్కలేదు.

బాప్టిస్టు సంఘానికి బిషప్పు ఉండడు. పైనుంచి ఉత్తర్వులు ఊడిపడవు. ఏ సంఘం వ్యవహారం ఆ సంఘానిదే, బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్లకీ ఓటు. వినడానికి ఎంతో బాగుంటుంది. గుడి గోడలకు లేత నీలం వెయ్యాలా, మీగడ రంగు వెయ్యాలా అన్నది తేలేలోపు ఓ వానాకాలం వచ్చి, గోడల్ని తన ఇష్టప్రకారం పచ్చగా చేసి వెళ్లిపోయింది. ఇంత ప్రజాస్వామ్యంలోనూ ఒక్క తీర్మానం మాత్రం అయిదు నిమిషాల్లో పాసయిపోయింది. పెట్టినవాడు మా కోశాధికారి పోర్టు మావయ్య. "కోత పండుగనాడు బల్ల మీదికి వచ్చిన ప్రతిదీ ప్రభువుది. ఏ కారణం చేతనూ వెనక్కి ఇవ్వబడదు."

దాని వెనకాల ఓ గొడుగుంది. ఓ ఏడాది షిప్‌యార్డు బాబాయి బల్ల మీద ఆనపకాయ పెడుతూ పక్కనే గొడుగు కూడా పెట్టి మరిచిపోయాడు. ఆనపకాయ తరవాత గొడుగు వేలంలోకి వచ్చింది. డాక్‌యార్డు అన్నయ్య పాడుకున్నాడు. బయట జోరున వాన. బాబాయి వెనక్కి ఇమ్మని ఎంత బతిమాలినా మావయ్య కరగలేదు సరికదా, ఆ వారమే తీర్మానం తెచ్చాడు. వ్యతిరేకంగా లేచిన చెయ్యి ఒక్కటే. ఎవరిదో చెప్పక్కర్లేదు.

లేవీయకాండం 23వ అధ్యాయంలో పంట కోసినప్పుడు మొదటి పన దేవుని సన్నిధికి తెమ్మని ఉంది. మా తాతలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఉద్యోగాలకని వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. మాకు పొలాలెక్కడివి? మా మొదటి పంట పండేది కంచరపాలెం రైతుబజారులో. శనివారం సాయంత్రం బేరమాడి కోసుకొస్తాం. చోడవరం వైపు బంధువులున్నవాళ్లు చెరకుగడలు తెస్తారు, అనకాపల్లి బెల్లం దిమ్మలొస్తాయి, పాడేరు పసుపొస్తుంది. ఆరాధన అయ్యాక వేలం. ఇందులో మర్మం తెలియనివాళ్లు ఆశ్చర్యపోతారు గానీ, మా గుడిలో కోడికంటే గుడ్డుకే ధర ఎక్కువ. కోడిని పాడుకున్నవాడు ఇంటికి పట్టుకుపోతాడు. గుడ్డును పాడుకున్నవాడు మళ్లీ బల్ల మీదే పెట్టేస్తాడు. అదే గుడ్డు ఇంకొకడు, మళ్లీ ఇంకొకడు. చివరికి ఎవరో పసివాడి చేతిలో పగిలేదాకా అది సంపాదిస్తూనే ఉంటుంది.

ఈసారి వేలం డబ్బు తొట్టికి. నీళ్లు చిలకరించేవాళ్లకు గిన్నె చాలు. మేం నిలువునా ముంచే జాతి, మాకు తొట్టి కావాలి. ప్రసంగ వేదిక చెక్కల కింద ఉన్న మా తొట్టికి ఎక్కడో పగులుంది. క్రితంసారి పాస్టరు అయ్యగారు బాప్తిస్మాలు మొదలుపెట్టినప్పుడు నీళ్లు నడుము దాకా ఉన్నాయి. వరసలో చివరివాడి వంతు వచ్చేసరికి వాణ్ని ముంచడానికి ఆయన మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. ఊళ్లో ఇంత సముద్రం పెట్టుకుని తొట్టెందుకంటారేమో. అదీ చూశాం. మా విశాఖ అల ఎవరు విశ్వసించారు, ఎవరు ఒడ్డున నిలబడి పాట పాడుతున్నారు అని తేడా చూడదు. ఆ రోజు తబలాతో సహా గాయక బృందమంతా రెండోసారి బాప్తిస్మం పొందింది.

వేలానికి ముందు సెక్రటరీ మాస్టారి ప్రకటనలు. ప్రకటనల్లో కొత్త సంగతేదీ ఉండదు. ఎవరింట్లో పెళ్లిచూపులు, ఎవరికి బీపీ, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్లింది అన్నవి చెప్పులు విప్పే చోటే తెలిసిపోతాయి. అవే మాస్టారు "ప్రార్థనాంశాలు" అని చదువుతారు. వాటి వెనకే చరిత్ర. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో పని మొదలుపెట్టడం, కరవులో అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో జనానికి పని చూపించడం, ఆ తరవాత 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో...

"ఒక్క రోజులో 2,222 మంది!" అని పిల్లలతో సహా అందరం అందుకున్నాం.

"ఆ నది కారలేదు" అన్నాడు షిప్‌యార్డు బాబాయి.

ఇక బిందె సంగతి. స్త్రీల సమాజం వాళ్లు ఇళ్లలో రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి డబ్బాలో వేస్తారు. గుప్పెడు బియ్యం కానుక. కోత పండుగకని ఆ డబ్బాలన్నీ ఒకచోట పోసి, బల్ల మధ్యలో నిండుగా కనిపించాలని పోర్టు అత్తయ్య వాళ్లమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె తెచ్చింది. చింతపండుతో తోమితే దీపం అక్కర్లేకుండా వెలిగే బిందె. మెడ మీద వాళ్లమ్మ పేరు, పెళ్లి సంవత్సరం చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉన్నాయి. దాని నిండా బియ్యం, బియ్యంలో గుచ్చిన వరి కంకులు, చుట్టూ బంతిపూలు. అలంకారమంతా అయ్యాక ఆవిడ తృప్తిగా చూసుకుని ప్రేమవిందు వంటకని వెనక రేకులషెడ్డులోకి వెళ్లిపోయింది.

వేలం పాడించే పని యూత్ కుర్రాడికి అప్పజెప్పారు. బెంగళూరు, హైదరాబాదు, కువైట్‌లలో ఉన్న మన పిల్లలు కూడా పాల్గొనాలని ఈసారి ఫోన్లో వచ్చే పాటలు కూడా చదువుతామన్నారు. కుర్రాడు ఒక చేత్తో మైకు, ఒక చేత్తో ఫోను పట్టుకుని మంచి ఊపు మీదున్నాడు. బెల్లం అయింది, చెరకు అయింది, పుంజు ఓ చక్కరు కొట్టి అయింది.

"ఇప్పుడు అందరూ ఎదురుచూస్తున్నది! గుప్పెడు బియ్యం కానుక... బిందెతో సహా!"

గుడి మీది హారన్ స్పీకరు ఆ మాట షెడ్డులోకి కూడా చేరవేసింది. ఏటా బియ్యం మూటకట్టి పాడిస్తారు, బిందె ఎవరి ఇంటికి వాళ్లదే. ఆ కుర్రాడికెవరూ చెప్పలేదు, వాడెవర్నీ అడగలేదు.

షెడ్డులో పోర్టు అత్తయ్య గరిటె అలాగే పట్టుకుని "ఓలమ్మో" అంది. చెంగుతో చెయ్యి తుడుచుకుని మావయ్యకు ఫోను కొట్టింది. ఆరాధన వేళ ఫోను మోగితే నూటపదహార్లు జరిమానా అని గుమ్మం పక్కన సుద్దముక్కతో రాసింది మావయ్యే. ఆయన ఫోను చచ్చిపడి ఉంది. గుండిగ వదిలి వెళ్తే పులావు మాడుతుంది. బెంగళూరులో ఉన్న పెద్దాడికి కొట్టింది.

"ఒరే, మీ అమ్మమ్మ బిందె అమ్మేస్తన్నార్రా. నువ్వు పాడు. ఎంతైనా వదలకు."

లోపల మొదటి బెంచీలో మావయ్యకు చెమట్లు పట్టాయి. లేచి "అది మాది" అనాలి. అంటే షిప్‌యార్డు బాబాయి తీర్మానం చదువుతాడు. ఆయన ఆ కాగితం మడిచి బైబిల్లోనే పెట్టుకు తిరుగుతాడని అందరికీ తెలుసు. పైగా ఆ గొడుగు దెబ్బ ఇంకా ఆరలేదు. మావయ్య గొంతు సవరించుకుని, ఏదో బియ్యం మీద మనసుపడ్డవాడిలా "మూడు వందలు" అన్నాడు.

"అయిదు వందలు" అన్నాడు బాబాయి వెంటనే.

"బెంగళూరు సోదరుడు, ఎనిమిది వందలు!" ఫోను చూస్తూ కుర్రాడు. పెద్దాడు కొత్త నంబరు తీసుకున్నాడు. తెరమీద పేరు లేదు, అంకెలే ఉన్నాయి.

వెయ్యి, పదిహేను వందలు, రెండు వేలు. బియ్యం మహా అయితే పది కేజీలుంటాయి. ఆడవాళ్ల వైపు గుసగుసలు బయల్దేరాయి. పోర్టు మావయ్య పైసా ఊరికే వదిలే మనిషి కాడు, ఆయన ఇంతకు తెగించాడంటే బిందెలో బియ్యం కింద ఏదో ఉందని ఎవరో అన్నారు. బాబాయి మూడు వేల దాకా వచ్చి, మావయ్య మొహం కాసేపు తనివితీరా చూసి, కాలు మీద కాలు వేసుకున్నాడు.

ఇక పాట మావయ్యకీ బెంగళూరుకీ మిగిలింది.

"నాలుగు వేలు."

"బెంగళూరు సోదరుడు, అయిదు!"

"ఆరు!" మావయ్య లేచి నిలబడ్డాడు.

"బెంగళూరు సోదరుడు, ఏడు వేలు! అలాగే రెండు దణ్ణాలు పెట్టాడు!"

మావయ్యకు ఒళ్లు మండింది. సభవైపు తిరిగి, ఈ కాలం కుర్రాళ్లకు కంప్యూటరు ముందు కూర్చుంటే వచ్చే డబ్బు విలువ తెలీదని, వీణ్ని కన్న తండ్రి ఎవడో గానీ పెంపకం సరిలేదని, పెద్దలమీద పోటీకి రావడం నేర్పాడు గానీ వినయం నేర్పలేదని అన్నాడు. అయ్యగారు "నిదానం, సోదరా" అన్నారు. కాల్టెక్సు తాతగారు చెవి యంత్రం సర్దుకుని "ఆమేన్" అన్నారు.

"తొమ్మిది!" అన్నాడు మావయ్య.

"పది వేలు!"

పెన్షను పడడానికి ఇంకా వారముంది. మావయ్య ఒకటోసారి అన్నప్పుడు జేబు తడుముకున్నాడు, రెండోసారి అన్నప్పుడు బిందె వైపు చూశాడు, మూడోసారి అన్నప్పుడు కూర్చుండిపోయాడు. చప్పట్లు మారుమోగాయి. తొట్టికి సిమెంటు ఖర్చు వచ్చేసినట్టే. రసీదు రాయాలి కదా, పేరు కనుక్కోమన్నారు మాస్టారు. కుర్రాడు ఆ నంబరుకు ఫోను చేసి, మైకు దగ్గర పెట్టాడు.

"వందనాలు అన్నయ్యా, బిందె మీదే! పేరు చెప్పండి, డబ్బు ఎలా పంపుతారు?"

"వందనాలు తమ్ముడూ. నేను పోర్టు వాళ్ల పెద్దాణ్ని. జీతం ఒకటో తారీకున గదా, ఈలోగా నాన్న కట్టేస్తారు. నాన్నకి మాత్రం చెప్పకండేం, అమ్మ రహస్యంగా పాడమంది."

హారన్ స్పీకరు ఈ రహస్యాన్ని కంచరపాలెం గేటు దాకా వినిపించింది.

నవ్వులు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. తేరుకున్నాక మావయ్య న్యాయం మొదలుపెట్టాడు. తండ్రీకొడుకులు ఒక ఇంటివాళ్లు, ఒక ఇంటివాళ్లు తమ మీద తామే పాడుకున్నది పాట కాదు, కాబట్టి పరాయివాడు ఆగిన మూడు వేల దగ్గరే పాట ఆగినట్టు లెక్క, ఓ వంద కలిపి ఇచ్చేస్తానన్నాడు. పోర్టు లెక్కల విభాగంలో ముప్ఫై ఏళ్లు చేసిన మనిషి, ఆ వాదనలో పస లేకపోలేదు. నన్నడిగితే సగం ఒప్పుకునేదాన్ని. కానీ బాప్టిస్టు సంఘంలో ఎవర్నీ విడిగా అడగరు. షిప్‌యార్డు బాబాయి బైబిలు తెరిచి, కాగితం మడతలు విప్పి, అక్షరం పొల్లుపోకుండా చదివాడు. ఓటుకు పెట్టమన్నాడు. అయ్యగారు నాకు పక్షం లేదని కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

తగ్గించడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నారు. మావయ్య చెయ్యెత్తాడు. జాలిపడి డాక్‌యార్డు అన్నయ్య సగం ఎత్తి, వాళ్లావిడ చూపు తగిలి తల గోక్కున్నాడు. ఒప్పుకోనివాళ్లు అన్నారు. ఆడవాళ్ల వైపు చేతుల అడవి లేచింది. వాటిలో ఒక చేతిలో గరిటె ఉంది. వంటషెడ్డు నుంచి ఎప్పుడొచ్చిందో పోర్టు అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వేటే?" అన్నాడు మావయ్య, నీరసంగా.

"దేవుడి సొమ్ములో బేరాలేటండి? మా అమ్మ బిందె పదివేలు చెయ్యదేటి?" అంది ఆవిడ.

కోశాధికారి కనక రసీదు పుస్తకం మావయ్య దగ్గరే ఉంది. తన చేత్తో తన ఇంటిపేరు రాసి, 'ఇత్తడి బిందె, ఒకటి, పాతది' అని రాసి, అక్షరాల పది వేల రూపాయలని రాసి, కింద 'సొమ్ము ముట్టినది' దగ్గర తనే సంతకం పెట్టాడు. ఇవ్వవలసిన మనిషికి చింపి ఇవ్వబోయి, అటూ ఇటూ చూసి, తన జేబులోనే పెట్టుకున్నాడు. బియ్యం మాత్రం అత్తయ్య అయ్యగారింటికి పంపించేసింది. వేలం కొనసాగింది. గుమ్మడికాయ నూటయాభైకి పోయింది, ఎవరికీ పట్టలేదు.

ఆ గొడవలో పులావు సంగతి అందరూ మరిచిపోయారు. విస్తళ్లు వేసి మూత తీసేసరికి మాడువాసన రోడ్డు దాకా కొట్టింది. పైపైన తీసి వడ్డించారు. ఎవరూ మాట్లాడలేదు, అత్తయ్య చేతిలో ఇంకా గరిటె ఉంది కదా. షిప్‌యార్డు బాబాయి మాత్రం రెండోసారి వడ్డించుకోవడానికి వెళ్లి, మాడిన గుండిగలోకి తొంగిచూసి, దాని అంచు మీద వేలితో పేరు వెతుకుతూ అడిగాడు.

"ఈ గుండిగ కూడా మీదేనా వదినా, సంఘానిదా?"