విశాఖ ఆకాశంలో వెలుగు: వీడియో ఒక్కటే సాక్ష్యం ఎలా అవుతుంది?

సముద్రం మీద వింత వెలుగు కనిపించిందనో, గ్రహాంతరవాసి దొరికిందనో వీడియో బయటికి వచ్చినప్పుడల్లా ఒకే వాదన వినిపిస్తుంది. "కళ్లారా చూశాం, ఫోన్లో తీశాం, ఇంకేం కావాలి?" అంటారు. ఇంకా చాలా కావాలి. చూసినవాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. వాళ్లలో చాలామంది చూసింది చూసినట్టే చెబుతారు. చిక్కంతా చూసినదానికి పేరు పెట్టే దగ్గరే వస్తుంది.

2017లో విశాఖలో కడుతున్న ఒక భవనంలో దొరికిన 'ఏలియన్ల' వీడియో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులోని ప్రాణులు నిజమైనవే. మూలకు ఒదిగి, రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి, నల్లటి కళ్లతో కెమెరానే చూస్తుంటాయి. పక్షుల సంగతి తెలిసినవాళ్లు అవి తెల్ల గుడ్లగూబ పిల్లలని తేల్చేశారు. ఆ వయసులో వాటికి ఈకలు పూర్తిగా రావు కాబట్టి ముడతల చర్మం బయటికే కనిపిస్తుంది. ముఖం గుండె ఆకారంలో, కాళ్లు ఒంటికి తగనంత పొడవుతో ఉంటాయి. తల్లి రోజుల తేడాతో గుడ్లు పెడుతూ మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది కాబట్టి ఒకే గూట్లో పిల్లలు తలో సైజులో ఉంటాయి. భయపడితే బుస కొడతాయి, ఒళ్లు అటూ ఇటూ ఊపుతాయి. ఎలుకలను తిని రైతుకు మేలు చేసే ఈ పక్షి మన అటకల మీద, పాత గోడల సందుల్లో తరతరాలుగా బతుకుతోంది. అయినా ఊరు దాన్ని గుర్తుపట్టలేకపోయింది. అంత దగ్గర నుంచి, అంత స్పష్టంగా తీసిన వీడియోకే ఆ గతి పడితే, చీకట్లో వణికే చేతితో తీసిన వెలుగు చుక్క గురించి ఏం చెప్పగలం?

గోడ పక్కనున్న ప్రాణి ఎత్తును ఇటుకలతో పోల్చి చెప్పొచ్చు. సముద్రం మీద వెలుగుకు అలాంటి ఆనవాలు ఉండదు. అది ఎంత దూరంలో ఉందో తెలియకుండా ఎంత పెద్దదో, ఎంత వేగంగా పోతోందో ఎవరూ చెప్పలేరు. శిక్షణ పొందిన కళ్లకూ ఈ ఇబ్బంది తప్పదు. 2012-13లో లడఖ్ సరిహద్దులో మన సైనికులు చైనా డ్రోన్లేమోనని నెలల తరబడి నమోదు చేసిన వెలుగులు శుక్రుడు, గురుడు అని బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు.

మనిషి పంపినవి కూడా తక్కువేం కాదు. 2022 డిసెంబర్ 15 సాయంత్రం ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి అగ్ని-5 క్షిపణిని ప్రయోగిస్తే, ఆకాశంలో ఆ వెలుగు చూసి ఒడిశా, బెంగాల్ జనం ఆశ్చర్యపోయారు. కింద చీకటి పడినా పైన పొగ మీద ఇంకా ఎండ పడుతుంది, అందుకే అంత మెరుపు. అదే నెలలో వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగిన వింత వస్తువు హైదరాబాద్ నుంచి ఎగరేసిన పరిశోధన బెలూన్‌కు కట్టిన క్యాప్సూల్. ఇక విశాఖలో నౌకాదళ విమానాలు, వాతావరణ బెలూన్లు, చేపల బోట్ల దీపాలు, పైన వరుసగా సాగే స్టార్‌లింక్ ఉపగ్రహాలు ఎలాగూ ఉన్నాయి.

గ్రహాంతర వాహనాలు అమెరికా ప్రభుత్వం దగ్గర ఉన్నాయని 2023లో ఆ దేశపు కాంగ్రెస్ ముందు డేవిడ్ గ్రష్ అనే మాజీ ఇంటెలిజెన్స్ అధికారి ప్రమాణం చేసి చెప్పలేదా అని అడుగుతారు. చెప్పాడు. ఆయన చెప్పిందీ ఇతరుల దగ్గర విన్నదే. గ్రహాంతర సాంకేతికతకు ఆధారం దొరకలేదని 2024 మార్చిలో అమెరికా రక్షణ శాఖ (పెంటగాన్) నివేదిక ఇచ్చింది. ఇంత పెద్ద విశ్వంలో మరెక్కడా జీవం లేదా అన్నది మంచి ప్రశ్నే, కానీ ఏదో ఒక రాత్రి విశాఖ రుషికొండ మీద కనిపించిన వెలుగేమిటో దానివల్ల తేలదు.

నిజానికి తేల్చడం మన చేతుల్లోనే ఉంది. ఆర్కే బీచ్‌లో ఒకరు, దాదాపు పాతిక కిలోమీటర్ల దూరంలోని భీమిలిలో మరొకరు ఒకే నిమిషంలో అదే వెలుగును చూసి దిక్కు రాసుకున్నారనుకుందాం. వెలుగు తీరానికి పది కిలోమీటర్ల దూరంలో ఉంటే ఇద్దరికీ పూర్తిగా వేర్వేరు దిక్కుల్లో కనిపించాలి. ఇద్దరికీ ఒకే దిక్కులో కనిపిస్తే అది చాలా దూరపుదే, బహుశా గ్రహమో నక్షత్రమో. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, రెండు ఫోన్లు, రెండు దిక్సూచి యాప్‌లు చాలు. ఇంత సులువైన పరీక్ష పెట్టకుండా గంటల తరబడి చర్చలు నడిపే చానళ్ల మీదే నాకు కోపం.

ఎందుకంటే పరీక్షించకుండా మాట్లాడే ఈ అలవాటు వెలుగుల దగ్గరే ఆగదు. 2020 మే 7న విశాఖలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. ఆ రాత్రే మళ్లీ లీకైందన్న మాట పుట్టి, జనం పిల్లలను ఎత్తుకుని రోడ్ల మీదికి వచ్చేశారు. ఎవరిని అడగాలో, ఎవరి మాట నమ్మాలో వాళ్లకు తెలియదు. ఇదే ఊరు 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు తుపాను హెచ్చరికలను నమ్మింది. ఎప్పుడు, ఎక్కడ, ఎంత వేగంతో వస్తుందో లెక్కతో చెప్పారు కాబట్టే నమ్మింది.

ఆకాశం విషయంలోనూ ఆ పద్ధతే కావాలి. క్షిపణి పరీక్షలకు ముందు విమానాలకు నోటామ్ అనే ముందస్తు హెచ్చరిక ఇస్తారు, బెలూన్ ఎగరేసిన సమయం వాతావరణ కేంద్రం దగ్గర ఉంటుంది, గ్రహాల స్థానాలు ఆంధ్రా యూనివర్సిటీలో ఎవరైనా లెక్కగట్టగలరు. రహస్యాలేవీ బయటపెట్టక్కర్లేదు. జిల్లా యంత్రాంగం ఈ మూడింటినీ ఒకచోట చేర్చి, ఫిర్యాదు వచ్చిన రాత్రే జవాబు ఇవ్వాలి. చానళ్లు కూడా సమయం, దిక్కు, దిగంతానికి ఎంత పైన కనిపించిందో చెప్పని ఏ వీడియోనూ ప్రసారం చేయకూడదు.