పెద్ద కట్నం ఏ పేజీల రాసినవ్?

కట్నాల నోట్‌బుక్కు గారికి,

నల్లగొండ జిల్లాల ఏ పెండ్లికి పోయినా బంతిల కూసుని తిని, తిన్నంక నీ బల్ల కాడికి వచ్చి చదివింపు పైసలిచ్చి పేరు చెప్పుకునే ఒక చుట్టం రాసేది.

నిన్ను చూస్తే నాకు మస్తు మర్యాద. మొదటి పేజీకి పసుపు కుంకుమ, పైన ‘శ్రీరామ’. నీకు అటిటు ఇద్దరు మనుషులు. రాసేటందుకు దస్తూరి మంచిగున్న సారు, పైసలు లెక్కవెట్టి సంచిల ఏసేటందుకు పిల్ల మేనమామ. పెన్ను పట్టినాయన పైసలు ముట్టడు, పైసలు పట్టినాయన పెన్ను ముట్టడు. సర్కారు ఖజానాల గూడ ఇంత కట్టుదిట్టం ఉంటదో ఉండదో. ఇంటిపేరు, పేరు, ఊరు, రూపాయలు. వెయ్యినూటపదహార్లయితే మైకుల సారు గొంతు సాగుతది. నూటపదహార్లయితే సారుకు అప్పుడే దగ్గొస్తది.

నూరు ఎందుకు గాదు, 116 ఎందుకు అంటే మా పెద్దలు నిజాం కాలం లెక్క చెప్తరు. అప్పట్ల మనకు హాలీ సిక్కా, ఇంగ్లీషోళ్ళకు కల్దార్. 7 హాలీ రూపాయలు పెడితే 6 కల్దార్ రూపాయలు. అంటే 100 కల్దార్ కావాలంటే 116 హాలీ మీద ఇంక కొంచెం పడుతది. ఆ కాడికెళ్ళి వచ్చిందట. మరి నిజాంతోని పని లేని గోదావరి దిక్కోళ్ళు గూడ నూటపదహార్లే ఎందుకు చదివిస్తరంటే మా పెద్దలు మాట మారుస్తరు. ఏమైనా నీకు మాత్రం కుదిరిన కథే. పిరేమ గూడ మారకం రేటు చూసుకునే బయల్దేరిందన్నట్టు!

పెండ్లి పత్రిక ఇంటికి రాంగనే అందరికంటే ముందు బీరువల నుంచి లేసేది నువ్వే. “మన పెద్దోని పెండ్లికి వాళ్ళెంత రాసిన్రు?” అంతకు తక్కువ రాస్తే తెగతెంపులు. అంతే రాస్తే ‘లెక్క తీర్చుకున్నరు’ అంటరు. ఇంత ఎక్కువ రాస్తేనే చుట్టరికం. వడ్డీ లేదని అందరంటరు గాని, బియ్యం ధర చూసి కలుపుతనే ఉంటరు. బట్టలు పెట్టుడు గూడ గట్లనే. దుకాణంల అడుగుపెట్టంగనే, “కట్టుకునేటందుకా, పెట్టేటందుకా?” అని అడుగుతరు. పెట్టేటివి వేరే ర్యాకుల ఉంటయి, వాటి పేరే పెట్టుబడి చీరలు. ఇంత నిజాయితీగ ఏ బ్యాంకోడూ మాట్లాడడు. ఒక దిక్కు పోచంపల్లి, ఇంకో దిక్కు గద్వాల నేసే నేల మనది, పెట్టుబడి చీర మాత్రం సూరత్ నుంచి దిగుతది.

ఇచ్చుడు ఒక్కటే, ఎవరి చెయ్యి పైన ఉన్నదో చూసి పేరు మారుతది. దొర గడికి ఎక్కింది నజరానా, గడి నుంచి దిగింది ఇనాం. హుండీల పడితే కానుక, గుడి మెట్ల మీద పడితే దానం, ఆఫీసు టేబుల్ కింద పడితే చాయ్ పైసలు. దొర ఇంట్ల పెండ్లయితే ఊరూరంత నజరానా కట్టిన రోజులు ఈ జిల్లా చూసింది. కట్టకుంటే ఏమైతదో తెల్సినోళ్ళు కట్టిన్రు, దానికీ కానుకనే అని పేరు పెట్టిన్రు.

అదే జిల్లాల, 1951 ఏప్రిల్ 18న, పోచంపల్లిల దళితులు గాంధీ శిష్యుడు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తనని లేసి నిలబడ్డడు. 80 అడిగితే 100! నీ పేజీలన్ని తిరగేసినా ఇసొంటి లెక్క ఒక్కటి దొరకదు. అట్ల మొదలైన భూదానం భూములకు తర్వాత ఎన్ని కోర్టు కేసులు పడ్డయన్నది వేరే నోట్‌బుక్కు ముచ్చట. ఇచ్చేటోళ్ళకు గూడ ఎప్పుడూ అనుమానమే అనుకో. పాత దాన శాసనాల చివర తరచుగ ఒక శ్లోకం ఉంటది. తానిచ్చిందైనా, ఇంకొకరిచ్చిందైనా భూమిని గుంజుకున్నోడు 60 వేల ఏండ్లు పెంటల పురుగై పుడుతడని. ఇచ్చేటప్పుడే తిట్టి మరీ ఇచ్చిన్రు! నువ్వైతే తిట్టవు. రాసుకుంటవు, అంతే.

ఇగ అసలు పంచాయితీ.

మన దిక్కు బల్ల కాడ రాయించే నూటపదహార్లనూ కట్నమే అంటం, అల్లునికి అప్పజెప్పే లక్షలనూ కట్నమే అంటం. నువ్వు మాత్రం చిన్న కట్నం రాస్తవు, పెద్ద కట్నం రాయవు. అడిగితే, “వాళ్ళేం అడగలే, మా బిడ్డకు మేమే పెట్టుకున్నం” అంటరు. అడగకుండనే పది తులాలు, అడగకుండనే హైవే పక్కన ప్లాటు, అడగకుండనే కారు. కారు రంగు గూడ అడగకుండనే పిలగానికి నచ్చిందే వచ్చింది.

1961ల వరకట్న నిషేధ చట్టం తెచ్చిన్రు. ఇచ్చినా, తీసుకున్నా ఇప్పుడు 5 ఏండ్లకు తక్కువ కాకుండ జైలని అందుల ఉన్నది. అడగకుండ ఇచ్చిన బహుమతికి తప్పు లేదు గాని, దానికి జాబితా ఉండాలె. 1985ల ఆ జాబితాకు రూల్స్ గూడ రాసిన్రు. వస్తువు ఏంది, ఎంత చేస్తది, ఇచ్చిందెవరు, ఏం చుట్టరికం, కింద పిల్ల పిలగాని సంతకాలు. చదివి నవ్వొచ్చింది నాకు. ఢిల్లీల కూసుని నిన్నే రూల్స్ కింద రాసిన్రు గద! 116కు లెక్క రాసి ముప్పై ఏండ్లు బీరువల దాచే జనం, సర్కారు అడిగిన ఒక్క లెక్క మాత్రం రాయరు. రాస్తే ఎట్లుంటది? ‘వస్తువు: ప్లాటు. చుట్టరికం: మామ. ఎందుకిచ్చిన్రు: ముచ్చటపడి.’

నీకు అందనిది ఇంకోటున్నది. ఒడిబియ్యం. తల్లిగారింట్ల బిడ్డ ఒడిల పోసే పసుపు బియ్యానికి కాలమ్ లేదు, మైకు లేదు, పదహార్లు లేవు. ఎన్ని సోలలు పోసిన్రని వదినలు కండ్లతోనే కొలుస్తరనుకో, అది కాయితం మీదికి రాదు.

ఈ మధ్య నీ పక్కన స్కానర్ గూడ పెడుతున్నరు. పైసలు పడంగనే డబ్బ అరుస్తది గాని, పేరు చదవదు. ఊరు అసలే చదవదు. పేరు వినపడని కట్నం ఎందుకని మా ఊరోళ్ళు స్కాన్ చేసినంక గూడ వచ్చి నీ కాడ మళ్ళ రాయించుకుంటున్నరు. నీ కొలువుకు ఇప్పట్ల ఢోకా లేదు.

అందుకే ఒక మనవి. వచ్చే పెండ్లికి ఒక్క పేజీ ఎక్కువ కుట్టించుకో. నూటపదహార్ల నడుమ సారుతోని పెద్ద కట్నం గూడ చదివించు. “పిల్ల తండ్రి గారు, ఇరవై లక్షల పదహార్లు!” గొంతు ఎంత సాగదీస్తడో సాగదియ్యనీ. బంతిల ఎంతమంది చెయ్యి ఆపుతరో, ఎంతమంది ‘మా పిలగానికి అంత రాలేదే’ అని లెక్క వేసుకుంటరో, అది గూడ పక్కన రాసిపెట్టు.

ఇట్లు,
మొన్నటి పెండ్లిల 516 రాయించినోడు.
(116 అని రాసినవట. దిద్దుకో. మా ఇంట్ల గూడ పెండ్లి ఉన్నది.)