పిల్లిని వదిలేయమనకండి

పిల్లిని పెంచుకునేవాళ్లకు స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు వచ్చే అవకాశం రెట్టింపు అని ఒక వ్యాసంలో చదివి, మా అక్క నిన్న రాత్రి ఫోన్ చేసింది. "అమ్మ దగ్గరున్న పిల్లిని ఎక్కడైనా వదిలేసి రారా" అంది. ఆ టెన్షన్ చూశాకే ఇది రాస్తున్నాను.

ఆ రెట్టింపు లెక్క 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు 17 పాత అధ్యయనాలను కలిపి చూస్తే వచ్చింది. ఇంకా మంచి అధ్యయనాలు కావాలని వాళ్లే అన్నారు. అంతకుముందు 2017లో లండన్ పరిశోధకులు, బ్రిటన్‌లో 1991-92లో పుట్టిన దాదాపు 5 వేలమంది పిల్లల వివరాలు చూశారు. కుటుంబ పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకున్నాక పిల్లికీ, స్కిజోఫ్రీనియా లాంటి లక్షణాలకూ సంబంధం కనిపించలేదు. ఈ మాట ఆ వ్యాసంలో తప్పకుండా ఉండాల్సింది.

పిల్లి వల్ల ఆ జబ్బు వస్తుందన్న అనుమానమంతా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి మీద. అది పిల్లి మలంలో వస్తుంది, నిజమే. కానీ బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఆ మలాన్ని రోజూ శుభ్రం చేసి చేతులు కడుక్కుంటే భయం చాలావరకు తగ్గుతుంది. గర్భిణులు మాత్రం ఆ పని వేరేవాళ్లకు అప్పగించాలి. సరిగ్గా ఉడకని మాంసం నుంచీ, కడగని కూరల నుంచీ కూడా అది సోకుతుంది.

నాన్న పోయాక అమ్మ ఆర్నెల్లు సరిగ్గా అన్నం తినలేదు. ఇప్పుడు పొద్దున్నే లేచి పాలు కాచి, చిన్న స్టీలు గిన్నెలో పోసి, వేలు ముంచి వేడి చూసి మరీ పిల్లికి పెడుతుంది. అది తాగేదాకా పక్కనే కూర్చుని తన కాఫీ తాగుతుంది. ఆ పిల్లిని గోనెసంచిలో వేసి ఊరి బయట వదలడం నావల్ల కాదు. అక్కకు అదే చెప్పాను.