సంక్షోభం వచ్చింది, హమాలీని పిలవండి

ఆర్థిక శాస్త్రం చదవడానికి జనం ఢిల్లీకో లండన్‌కో పోతారు. నేను గుంటూరు మిర్చి యార్డు బయట టీ కొట్టు బల్ల మీద చదువుకున్నాను. ఫీజు లేదు, తుమ్ములు మాత్రం తప్పవు. ఆ చదువులో నాకు తేలిందేమిటంటే, ప్రపంచంలో ఏ సంక్షోభం వచ్చినా కారణం కార్మికుడు కాస్త ఎక్కువ సుఖపడిపోవడమే. ఆ సుఖం ఎక్కడ దాచుకున్నాడో నాకింకా దొరకలేదు. పెద్దలందరూ దానికోసమే అతని జేబు వెతుకుతున్నారు కాబట్టి ఉండే ఉంటుంది.

2008 సంగతే చూడండి. అమెరికాలో తీర్చలేనివాళ్ళకు ఇళ్ళ అప్పులిచ్చి, ఆ అప్పులన్నీ మూటలు కట్టి, అడుగున తాలు కాయలు పోసి పైన నాలుగు నిగనిగలాడే కాయలు పేర్చి అమ్మేశారు. మన యార్డులో ఎవరైనా ఆ పని చేస్తే టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పి పదిమందిలో పరువు తీస్తారు. అక్కడ విప్పి చూసేసరికి సెప్టెంబరు 15 వచ్చింది, లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలిపోయింది. అమెరికా ప్రభుత్వం 70,000 కోట్ల డాలర్ల ప్యాకేజీ కట్టింది. ప్రజల సొమ్ముతో నిలబెట్టిన ఏఐజీ అనే బీమా కంపెనీ 2009 మార్చిలో సుమారు 16.5 కోట్ల డాలర్లు బోనస్‌లుగా పంచింది. ఎవరికి? కంపెనీని ముంచిన విభాగంలో వాళ్ళకే. ఇదేమి చోద్యమని జనం అడిగితే, ముందే ఒప్పందాలు రాసుకున్నాం, వాటిని దాటలేం అన్నారు.

ఎంత పెద్దమనిషి తరహా! అదే రోజుల్లో డెట్రాయిట్ కార్ల కంపెనీలు కూడా ప్రభుత్వం ముందు చెయ్యి చాపాయి. అక్కడి కార్మికులకూ ఒప్పందాలున్నాయి. వాటిని మాత్రం కూర్చోబెట్టి తిరగరాయించారు. దీన్ని అన్యాయం అనేవాళ్ళకు కాగితాల సంగతి తెలియదు. బోనస్ ఒప్పందం రిజిస్ట్రారు ఆఫీసు దస్తావేజు లాంటిది. కూలి ఒప్పందం కాటా చీటీ వెనక వేసుకున్న లెక్క.

మనవాళ్ళూ తక్కువ తినలేదు. 2019 సెప్టెంబరులో వ్యాపారాలు మందగించాయని కంపెనీల పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి దించారు. దీనివల్ల ఖజానాకు ఏడాదికి 1.45 లక్షల కోట్లు తగ్గుతుందని ఆర్థికమంత్రే లెక్క చెప్పారు. కంపెనీకి నీరసమొస్తే గ్లూకోజు ఎక్కించాలి. కూలీకి నీరసమొస్తే ఇంకాస్త పని చెప్పాలి, చెమట పడితే జ్వరం దిగుతుంది. 2020 వేసవిలో వలస కూలీలు విజయవాడ మీదుగా పిల్లల్ని భుజాన వేసుకుని హైవే వెంట నడిచి వెళ్ళడం మనం చూశాం. సరిగ్గా ఆ మే నెలలోనే ఉత్తరప్రదేశ్ మంత్రివర్గం దాదాపు కార్మిక చట్టాలన్నిటినీ మూడేళ్ళపాటు పక్కన పెట్టే ఆర్డినెన్సుకు సరే అంది. అంత దూరం నడిచేవాడికి చెప్పులు బరువు కదా, పాపం.

సెప్టెంబరులో పార్లమెంటు మూడు లేబర్ కోడ్‌లు ఆమోదించింది. అంతకుముందు ఏడాది వచ్చిన వేతనాల కోడ్‌తో కలిపి 29 కార్మిక చట్టాలు నాలుగయ్యాయి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి కూడా. ఇదివరకు 100 మంది పనిచేసే ఫ్యాక్టరీలో జనాన్ని తీసేయాలంటే సర్కారు అనుమతి కావాలి. ఇప్పుడు 300 మంది ఉంటేనే ఆ బాధ. 299 మందిని పెట్టుకున్న యజమాని ఎంత హాయిగా నిద్రపోతాడో తలచుకుంటే నాకే కునుకు వస్తోంది.

మన రాష్ట్రం కూడా 2025లోనే ఫ్యాక్టరీల్లో రోజుకు 9 గంటల పరిమితిని 10 చేయాలని తీర్మానించింది. ఐదు గంటల పని తర్వాత ఇవ్వాల్సిన విశ్రాంతిని ఆరు గంటలకు జరిపారు. వారానికి 48 గంటల లెక్క అలాగే ఉంది, కంగారు పడకండి అన్నారు. నేను పడలేదు. నేను ఫ్యాక్టరీలో పనిచేయను.

ఇంత జ్ఞానం ఒక్కణ్ణే ఉంచుకోవడం తప్పనిపించి, ఆ ఏడాది మొదట్లో మిర్చి ధర పడిపోయినప్పుడు టీ కొట్టు దగ్గర ఒక హమాలీకి పంచబోయాను. మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసిన రోజులవి. రైతు ఏడుపు ఏడుపే, దాని మీద వ్యంగ్యం రాయను. మిగతావాళ్ళు కూడా ఏడుస్తున్నారు, అదే విశేషం. ఆ హమాలీకి యాభై దాటి ఉంటాయి. చొక్కా భుజం దగ్గర చిరిగి, ఆ చిరుగు అంచు కూడా ఎర్రగా ఉంది. కళ్ళ నీళ్ళు చేత్తో తుడుచుకోడు, జబ్బకేసి రుద్దుకుంటాడు. చేతికి కారం ఉంటుంది కదా. గోదాముల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళయితే ఇంటికెళ్ళాక చంటిపిల్ల మొహం తాకడానికే భయపడతారు.

"చూడు బాబాయ్, మార్కెట్ దెబ్బతింది. అందరూ నష్టం పంచుకోవాలి. మీ ముఠావాళ్ళు కూలి కాస్త తగ్గించుకుంటే దేశానికి మంచిది" అన్నాను.

"రేటు పడిపోయిందని టిక్కీ బరువేమన్నా తగ్గిందా బాబుగారూ?" అన్నాడు.

ఇది ఆర్థిక శాస్త్రం తెలియనివాళ్ళు అడిగే ప్రశ్న. ఓపిగ్గా డిమాండు, సప్లయి, ఎగుమతులు, చైనా అన్నీ వివరించాను. అతను గ్లాసు ఖాళీ చేసి, "మరి తేజా రకం మిర్చి క్వింటా ఇరవై వేలు దాటినప్పుడు మాతో ఎవరూ ఏదీ పంచుకోలేదే. అప్పుడు మీరు ఊళ్ళో లేరా?" అని అడిగాడు. ఉన్నాను. ఆ సీజన్‌లో నా సిద్ధాంతం ఇంకా తయారు కాలేదు.

వాదన పెంచడం ఇష్టం లేక డబ్బులివ్వబోయాను. ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. బ్యాంకు సర్వర్ పడిపోయిందట. జేబులో చిల్లర లేదు. టీ కొట్టతను నా మొహం, నేను అతని మొహం చూసుకుంటుంటే, హమాలీ తువ్వాలు తలకు చుట్టుకుంటూ, "బాబుగారి టీ కూడా నా ఖాతాలో రాసెయ్" అని చెప్పి గేటులోకి వెళ్ళిపోయాడు.

నేను అడ్డు చెప్పలేదు. సిద్ధాంతం కళ్ళెదుట పనిచేస్తున్నప్పుడు మధ్యలో వేలు పెట్టకూడదు. ఇంకో అల్లం టీ చెప్పాను.