మా అమ్మ కాగు కింద మంట పెడితే తిరుపతిలో ఎండ పెరిగింది

నిన్న మళ్లీ ఒక వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో వచ్చింది. మిద్దె మీద పొగగొట్టం, దానికి బిగించిన పైపు, పైపు కొసన వేడి, గాలి, వాన కొలిచే తెల్లటి ప్లాస్టిక్ వాతావరణ స్టేషన్, పక్కన నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ ఓనరు. కింద "ఏరియాలో మనదే ఎత్తు" అని రాశాడు. ఇక దండాలు, చప్పట్లు. నవ్వుకుని వదిలేద్దామనుకున్నా గానీ చేతులు ఊరుకోలేదు. ఎందుకంటే అచ్చం అలాంటి ఫొటో పెట్టినవాణ్ణే నేనూ. అదే నడుం, అదే చెయ్యి. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కడైనా "అక్కడెందుకు పెట్టినావు రా" అని అడిగి ఉంటే నాకు ఒక ఏడాదీ, మా వంటింటి గోడా మిగిలేవి.

మాది కపిలతీర్థం వైపు పాత మిద్దె ఇల్లు. వెనక వంటింట్లో అవ్వ కాలం నాటి కట్టెల పొయ్యి, దానికి ఇటుకల పొగగొట్టం. చిమ్నీ అంటే ఈ కాలం పిల్లలకి గ్యాస్ స్టవ్ మీద గుయ్యిమనే స్టీలు డబ్బా. ఇది అసలు సిసలైనది, మిద్దె దాటి ఇంకో ఐదడుగులు పైకి లేచి ఉంటుంది. వంటంతా గ్యాస్ మీదే అవుతుంది గానీ, స్నానాల నీళ్లు మాత్రం అమ్మ రోజూ పొద్దున ఆ పొయ్యి మీదే కాగులో కాస్తుంది. గీజర్ నీళ్లు ఒంటికి పట్టవట. ఈ కాగు సంగతి గుర్తుంచుకోండి.

స్టేషన్ ఎందుకు కొన్నానంటే, 2021 నవంబరు వల్ల. తిరుపతి వాళ్లకి ఇంకేం చెప్పనక్కర్లేదు. 18, 19 తేదీల వానకి వీధులు వాగులయ్యాయి, ఘాట్ రోడ్లు మూసేశారు, కపిలతీర్థంలో పైనుంచి దూకిన నీళ్లకి మండపం దెబ్బతింది, ఆ వెంటనే రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. అంత జరిగినా మా వీధిలో ఎంత వాన పడిందో ఎవరికీ తెలియదు. ఒకాయన రాత్రికి రాత్రి బకెట్ నిండిపోయిందన్నాడు. బకెట్ మూతి ఎంత వెడల్పు, మిద్దె నీళ్లు కూడా అందులోకే పడ్డాయా అని అడిగితే "నీకెందుకబ్బా అవన్నీ" అన్నాడు. శేషాచలం కాళ్ల దగ్గర ఉన్న ఊరు మనది. కొండ పక్క వీధిలో కుమ్మరిస్తుంటే తిరుచానూరులో చినుకు కూడా రాలని రోజులు నేనే చూశాను. ఫోన్లో కనిపించే అంకె మన వీధిలో ఎవరూ కొలిచింది కాదు, ఎక్కడెక్కడి కొలతలో పోగేసి కంప్యూటర్ కట్టిన అంచనా. సరే, మన వీధి లెక్క మనమే రాసుకుందాం అనుకున్నా. ఆలోచన మంచిదే, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నా. చెడిందల్లా పైపు దగ్గర.

బిగించడానికి వచ్చింది డిష్‌లు, సీసీ కెమెరాలు పెట్టే కుర్రాడు. "ఇంత గట్టి పొగగొట్టం ఉండగా వేరే స్టాండు ఎందుకన్నా దండగ" అన్నాడు. నాకూ అదే కావాలి. డ్రిల్లింగ్ మిషన్ పెట్టి ఇటుకల్లోకి నాలుగు రంధ్రాలు, నాలుగు బోల్టులు, ఆరడుగుల జీఐ పైపు. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. మూడో రంధ్రం వేసేటప్పుడు ఇటుక మధ్యన సన్నగా ఒక గీత పడింది. "ఏం కాదన్నా, సిమెంటు పూస్తా" అన్నాడు. పూశాడు. నేను నిచ్చెన పట్టుకున్న చేత్తోనే ఫొటో తీసుకున్నా.

మొదటి వారంలోనే ఒక అద్భుతం కనిపెట్టాను. రోజూ పొద్దున ఐదున్నరకి మొదలై ఆరున్నర దాకా వేడి మూడు నాలుగు డిగ్రీలు పెరిగి, మళ్లీ దిగిపోతోంది. ఇంకా సూర్యుడే రాలేదు! నా బుర్ర ఊరుకుంటుందా? తెల్లవారుజామున శేషాచలం వాలు మీంచి దిగే గాలి వల్ల ఇలా జరుగుతోందని ఒక పెద్ద పోస్టు రాశాను. బాణాల గుర్తులతో కొండ బొమ్మ కూడా గీశాను. డెబ్బై మంది షేర్ చేశారు. పది రోజుల తర్వాత అమ్మ మదనపల్లెలో మా అక్క ఇంటికి వెళ్లి నాలుగు రోజులు ఉంది. ఆ నాలుగు రోజులూ కొండగాలి దిగలేదు. అమ్మ తిరిగొచ్చిన మర్నాడు పొద్దున ఐదున్నరకి ఠంచనుగా దిగింది.

విషయం చెప్తే అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, "నేను నీళ్లు కాంచుకునేది కూడా నీ ఫోన్లో కనపడతా ఉండాదా?" అంది.

ఆ పోస్టు తీసేశాను. షేర్ చేసిన డెబ్బై మంది మాత్రం తీయలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ నా కొండ బొమ్మ నాకే ఫార్వర్డ్ అయి వస్తుంది.

పొగ ఒక్కటే అయితే పొయ్యి మానేస్తే సరిపోయేది. మే నెలలో ఒక మధ్యాహ్నం నా స్టేషన్ 46.8 చూపించింది. నేను స్క్రీన్‌షాట్ పెట్టాను, క్షణాల్లో ఊరంతా తిరిగింది. అదే రోజు రేణిగుంట ఎయిర్‌పోర్టు లెక్క దాదాపు నాలుగు డిగ్రీలు తక్కువ. ఎవరు తప్పు? నేనే. ఎండకి కాలిన మిద్దె, దాని మీద ఎండకి కాలిన ఇటుకల దిమ్మ, దాని నెత్తిన నా థర్మామీటరు. అది గాలి వేడిని కొలవలేదు, మా ఇంటి వేడిని కొలిచింది. ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి ఏమిటంటే, వేడి కొలిచే సాధనం నేలకి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, నీడలో, గాలి ఆడే గూడులో ఉండాలి. గాలి వేగం కొలిచే గిన్నెలేమో 10 మీటర్ల ఎత్తులో, అడ్డం లేని చోట తిరగాలి. వాన కొలిచే డబ్బా మూతి, మన దేశం లెక్కలో అయితే, నేలకి 30 సెంటీమీటర్ల పైన. మూడూ మూడు ఎత్తులు. ఆ మూడింటినీ ఒకే పైపుకి గుచ్చి పొగగొట్టం మీద నిలబెడితే ఏది నిజం చెప్తుంది చెప్పండి?

వాన సంగతి ఇంకా ఘోరం. ఈ స్టేషన్లలో వాన డబ్బా లోపల చిన్న ఊగుడు చెంచా ఉంటుంది. ఒక పక్క 0.2 మిల్లీమీటర్ల నీళ్లు నిండగానే టక్కున ఒరిగి, ఒక లెక్క వేస్తుంది. ఆషాఢం గాలి మొదలైంది. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. ఆడికృత్తికకి కావడి ఎత్తుకుని తిరుత్తణి పోయేవాళ్లు రోడ్డు మీద చెమటలు కక్కుతున్నారు. నా స్టేషన్ మాత్రం 3.4 మిల్లీమీటర్ల వాన అంటోంది. పైకెక్కి చూస్తే పైపు వెదురు గడలా ఊగుతోంది, అది ఊగినప్పుడల్లా లోపల చెంచా టక్కుటక్కుమంటోంది. నిజంగా వాన పడ్డప్పుడేమో దీనికి వ్యతిరేకం. అంత ఎత్తున గాలి చినుకుల్ని డబ్బా మూతి మీంచి పక్కకి ఊడ్చేస్తుంది, పడాల్సినంత పడదు. అంటే ఎండలో వాన, వానలో తక్కువ వాన. ఇక కపిలతీర్థం కోతులు ఒక మధ్యాహ్నం గాలి గిన్నెల్ని చేత్తో తిప్పి ఆడుకున్నాయి. ఆకు కదలని పూట ఈదురుగాలి నమోదైంది. వాటిని నేనేం అనను, వాటికి సరదా.

అసలు దెబ్బ 2022 డిసెంబరులో తగిలింది. మాండూస్ తుఫాను మహాబలిపురం దగ్గర తీరం దాటిన రాత్రి. ఇక్కడ ఒక్క మాట లెక్కగా చెప్తాను, ఓపిక పట్టండి. గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలు అవుతుంది. ఆరడుగుల పైపు కొసన ఆ తోపు పడితే, కింద అడుగున్నర ఎడంలో ఉన్న బోల్టుల దగ్గర అది నాలుగైదింతలై పీకుతుంది. గునపంతో బండ లేపడం చూశారుగా, అదే సంగతి, ఇక్కడ బండ స్థానంలో మా పొగగొట్టం ఉంది. డిష్ గోడకి అతుక్కుని కూర్చుంటుంది కాబట్టి డిష్ బిగించే కుర్రాడికి ఈ లెక్క ఎప్పుడూ అవసరం పడలేదు. పొద్దునకి సన్న గీత కాస్తా బీట అయింది. బోల్టు రంధ్రాల్లోంచి నీళ్లు దిగి, లోపలి మసితో కలిసి, నల్లగా సిరాలాగా గోడ మీద గీతలు కట్టి, కాగు మూత మీద టపటపా పడుతున్నాయి. అమ్మ ఏమీ అనలేదు. మూత మీద ఒక స్టీలు గిన్నె పెట్టి, "ఇది కూడా కొల్చుకో నాయనా" అంది.

తిట్టినా బాగుండేది.

మరమ్మతుకి వచ్చిన మేస్త్రీ మామ పైకెక్కి బోల్టు పట్టుకుని చేత్తో లాగితే వచ్చేసింది. "సున్నం కట్టుబడిలో బోల్టు కొట్టినారా? ముసలోడి పళ్లతో చెరుకు నమిలించినట్టుంది" అన్నాడు. చిత్తూరు జిల్లా మనిషి, చెరుకు లేకుండా పోలిక రాదు. ఆయన చేసింది ఇదీ: రంధ్రాలన్నీ పూడ్చేసి, కొత్తగా ఒక్క రంధ్రం కూడా వెయ్యకుండా, పొగగొట్టం చుట్టూ నడికట్టులా రెండు స్టీలు పట్టీలు చుట్టాడు. పై నాలుగు వరసల ఇటుకలూ వదిలేశాడు, ఎండకీ వానకీ ముందు చచ్చేవి అవేనట. రెండు పట్టీల మధ్య రెండడుగుల ఎడం. మూలల్లో పట్టీ ఇటుకని కొరక్కుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలు మడిచి పెట్టాడు. ఆరడుగుల పైపుని కిందికి దించి, పై పట్టీ మీద నాలుగడుగులే మిగిలేలా బిగించాడు. రసమట్టం రెండు పక్కలా పెట్టి చూశాడు, ఎందుకంటే పైపు ఒరిగితే గాలి దిక్కు చూపే తోక గాలికి కాక తన బరువుకే ఒక వైపు తిరుగుతుంది. పైపు నుంచి దళసరి రాగి తీగ గోడ బయటి పక్కగానే ఎర్తు గుంత దాకా దింపి, ఎలక్ట్రీషియన్ చేత ఇంటి ఎర్తుతో కలిపించాం. ఉత్తరం సరిచూడ్డానికి ధ్రువ నక్షత్రం మాకు కొండ వెనక దాక్కుంటుంది, అందుకని ఫోన్ దిక్సూచే గతి. అదీ ఇనప పైపు పక్కన నిలబడి చూస్తే అబద్ధం చెప్తుంది, పది అడుగులు ఇవతలికి జరిగి చూడాలి.

ఆ పైపు మీద ఇప్పుడు గాలి గిన్నెలు, దిక్కు తోక తప్ప ఇంకేం లేవు. నాది అదృష్టం కొద్దీ విడదీసే రకం. అన్నీ ఒకే ముద్దగా ఉండే రకం మీ దగ్గరుంటే, దయచేసి పొగగొట్టాన్ని వదిలెయ్యండి, పెరట్లోనో మిద్దె మూలలోనో చిన్న స్టాండు కట్టుకోండి. గాలి లెక్క కాస్త తగ్గితే తగ్గనీండి.

"ఎత్తుగా పెడితేనే బాగా కనిపిస్తుంది కదా" అని నిన్న కూడా ఒకాయన వాదించాడు. ఎవరికి కనిపించాలి స్వామీ? చిత్తూరు రోడ్డులో గాదంకి ఉంది, మీలో ఎంతమంది దాన్ని దాటుకుంటూ పోయి ఉంటారో. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనాలయంలో ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తూ కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు పోతోందో పసిగట్టే యంత్రం. దానికి గోపురం లేదు, స్తంభం లేదు. 1024 యాంటెన్నాలు, 130 మీటర్ల పొడవూ అంతే వెడల్పూ ఉన్న నేల మీద వేరుశనగ చేనులా వరసగా పరుచుకుని ఉంటాయి. ఆకాశాన్ని చూసే యంత్రమే నేల మీద కూర్చుంటే, మన ప్లాస్టిక్ డబ్బాకి పొగగొట్టం కావాల్సి వచ్చిందా?

నా కోపం ఆ ఫొటో పెట్టిన మనిషి మీద కాదు. వచ్చే మే నెలలో అతను పెట్టబోయే స్క్రీన్‌షాట్ మీద. అది "తిరుపతిలో 47 డిగ్రీలు" అని ముప్పై గ్రూపులు తిరుగుతుంది, ఎవరో దాన్ని వీడియో చేస్తారు, ఇంకెవరో ప్రభుత్వం లెక్కలు దాస్తోందంటారు. ఆ 47 ఏ పొగగొట్టం నెత్తి మీద పుట్టిందో ఒక్కరూ అడగరు. అంకె లేనప్పుడు కనీసం "ఎండ మండిపోతోంది" అని ఊరుకునేవాళ్లం.

మా వీధి వాన లెక్క ఇప్పుడు పెరట్లో ఉంది. థర్మామీటరు కూడా పక్కనే, వేపచెట్టుకి దూరంగా, తెల్లటి గూడులో. స్టేషన్ మీద పూర్తిగా నమ్మకం పోయి, గీతలున్న మామూలు ప్లాస్టిక్ గొట్టం ఒకటి కూడా పాతాను. పొద్దున ఎనిమిదిన్నరకి చూసి ఒంపెయ్యాలి, వాతావరణ శాఖ రోజు మారేది ఆ వేళకే. ఆ టైముకి నేను ఆఫీసు దారిలో ఉంటాను కాబట్టి అమ్మ చూస్తుంది. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద లీటరు నీళ్లు అని చెప్పినప్పటి నుంచి ఆమెకి లెక్క భలే నచ్చింది. పాలు కొలిచిన చెయ్యి కదా. పాల కేలెండరులోనే రాస్తుంది. మొన్నటి గడిలో "పాలు 2, వాన 11" అని ఉంది. నిన్నటి గడిలో "పాలు 1, వాన లేదు, పక్కింటోళ్లు పడిందంటారు, పడలా" అని ఉంది.