దాచినవాడికి రెండేళ్లు, కాల్చినవాడికి మూడేళ్లు

కోర్టు బల్ల మీద పెట్టిన ఆ తుపాకీని రెండడుగుల దూరం నుంచి చూశాను. గొట్టం ఏదో పాత ఇనప పైపుది. చెక్క పిడి పగిలితే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించారు. దానికి కట్టిన గుడ్డ చీటీ మీద లక్క ముద్ర, కేసు నంబరు. మూతిలోంచి మందు పోసి, గుడ్డ పేలిక, ఇనప రవ్వలు కూరి, చువ్వతో దట్టించి పేల్చే రకం. ఒకసారి పేలాక మళ్లీ నింపడానికి ఎంత చేయి తిరిగినవాడికైనా కాస్త సమయం పడుతుంది. బోనులో నిలబడ్డ మనిషి ఒడిశాలోని గజపతి జిల్లా కొండల మీది సవర రైతు. ఇంట్లో సవర, సంతలో తెలుగు మాట్లాడతాడు. కోర్టులో చదివిన ఒడియా పంచనామా అతనికి ఎంత అర్థమైందో అతని ముఖం చూస్తే తెలుస్తోంది. చోడి (రాగి) చేలో అడవి పందులు పడుతున్నాయని, వాటిని బెదరగొట్టడానికే పెట్టుకున్నానని ఒకే మాట మళ్లీ మళ్లీ చెప్పాడు.

అదే ఉదయం, అదే హాల్లో మరో కేసు పిలిచారు. దారికాచి దోచుకునే ప్రయత్నంలో తుపాకీతో కాల్చిన కేసు. తొడలో తూటా దిగిన మనిషి చేతికర్ర పట్టుకుని సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు. ఎన్నోసారో లెక్క మర్చిపోయానన్నాడు. ఆ రోజు కూడా వాయిదా పడింది.

ఈ రెండు కేసుల్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పటి నుంచి నాకు ఆయుధాల చట్టం మీద కుదురు లేదు. తుపాకీ నేరాలకు శిక్షలు పెంచాలా తగ్గించాలా అని మనవాళ్లు వాదించుకుంటున్నారు. నాకు మాత్రం ముందు అడగాల్సింది వేరే ఉందనిపిస్తుంది. మన చట్టం ఎవరి మీద గట్టిగా ఉంది, ఎవరి మీద మెత్తగా ఉంది?

లెక్కలు చూద్దాం. 1959 ఆయుధాల చట్టాన్ని 2019 డిసెంబరులో సవరించారు. లైసెన్సు లేని మామూలు తుపాకీ ఇంట్లో ఉంటే అంతకుముందు కనీసం ఒక ఏడాది, గరిష్ఠంగా మూడేళ్లు. ఇప్పుడు కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు. లైసెన్సు లేకుండా తుపాకీని వాడితే, అంటే పేలిస్తే, 27వ సెక్షన్ కింద కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు. దాచుకున్నవాడి కనీస శిక్షకీ, పేల్చినవాడి కనీస శిక్షకీ మధ్య తేడా ఒక్క ఏడాది.

ఇంకో సెక్షన్ చూస్తే ఇంకా కంగారు పుడుతుంది. లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేసినా, అమ్మినా, బాగు చేసినా ఇప్పుడు కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఈ సెక్షన్ గురి పెట్టింది ఆయుధాల వ్యాపారుల మీద. వాళ్ల మీద ఎంత గట్టిగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. కానీ అందులో ‘బాగు చేసిన’ అనే మాట కూడా ఉంది. గుణుపూర్ అవతల ఏ కొండ ఊళ్లోనో కొలిమి ముందు కూర్చుని నాటు తుపాకీ గుర్రాన్ని (మందు పేల్చడానికి కొట్టే మీటని) సరిచేసి ఇచ్చిన కమ్మరికీ, వందల పిస్తోళ్లు తయారు చేసి అమ్మేవాడికీ కనీస శిక్ష ఒకటే. మరి ఆ తొడలో తూటా దింపినవాడి మీద హత్యాయత్నం కేసుకి? ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 109వ సెక్షన్‌లో గాయమైతే యావజ్జీవం దాకా వేయవచ్చు, కానీ కనీస శిక్ష అంటూ ఏమీ లేదు. తుపాకీ బాగు చేస్తే ఏడేళ్లు తప్పదు, మనిషిని కాల్చినందుకు హత్యాయత్నం సెక్షన్ కింద ఎంత వేయాలో జడ్జి ఇష్టం. ఇది ఏ రకం తూకమో నాకు అర్థం కాదు.

ఇలా అంటున్నానని నాటు తుపాకీని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. ఆ రవ్వలు మనిషి ఒంట్లో దిగితే ఎలా ఉంటుందో తెలుసు. రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో భూమి తగాదాకీ, చిల్లంగి (చేతబడి) అనుమానానికీ మనుషుల్ని చంపుకోవడం కొత్త కాదు. అలాంటి ఊళ్లో చూరు కింద తుపాకీ ఉండటం మంచిది కాదు. రాత్రిపూట చేలో కదిలింది పంది అనుకుని పేలిస్తే, అది బహిర్భూమికి వెళ్లిన పక్కింటి మనిషి అయ్యే ప్రమాదమూ ఉంది. ఆ తుపాకులు ఇళ్లలోంచి బయటికి రావాలి. వాటిని బయటికి రప్పించడానికి జైలు ఒక్కటే దారా అన్నదే నా ప్రశ్న.

పట్టణాల్లో భయం వేరే రకం. 2025 అక్టోబరులో బరంపురంలో సీనియర్ న్యాయవాది, భాజపా నాయకుడు పీతబాస్ పండాను ఇంటి దగ్గరే కాల్చి చంపారు. ఆ కేసు కోర్టులో ఉంది కాబట్టి నిందితుల గురించి ఒక్క మాట కూడా అనను. అయితే ఆ తర్వాత బరంపురం తెలుగు ఇళ్లలో విన్న మాటలు మాత్రం చెప్పాలి. లాయరునే కాల్చేస్తే మన గతేంటి అన్నారు. రాత్రి తొమ్మిదయ్యేసరికి కొట్టు కట్టేసి రమ్మని ఇంట్లోవాళ్లు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. అంతకు రెండేళ్ల ముందు, 2023 జనవరి 29న, ఝార్సుగూడ జిల్లా బ్రజరాజ్‌నగర్‌లో అప్పటి ఆరోగ్య మంత్రి నబకిశోర్ దాస్ పట్టపగలు తూటాలకు బలయ్యారు. ఆ కేసులో అరెస్టయింది డ్యూటీలో ఉన్న ఏఎస్‌ఐ. ఈ రెండూ విన్న మనిషి ‘ఉరి తీయండి’ అంటే అతన్ని తప్పుపట్టలేను. ఆ కోపం న్యాయమైనదే.

కానీ ఉరి తప్పనిసరి చేయడం మనం ఇదివరకే చేసి చూశాం. నిషిద్ధ ఆయుధంతో (ఆటోమేటిక్ తుపాకీ లాంటిదానితో) మనిషి చనిపోతే మరణశిక్ష తప్ప ఇంకోటి వేయకూడదని 1988లో ఇదే ఆయుధాల చట్టంలో చేర్చారు. 2012లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒక సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ కేసు అది, పంజాబ్ రాష్ట్రం వర్సెస్ దల్బీర్ సింగ్. జడ్జి చేతిలోంచి ఆలోచనను లాగేసుకునే శిక్ష రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు నిలవదని చెప్పింది. అంతకుముందు 1983లో మిఠూ కేసులోనూ తప్పనిసరి మరణశిక్ష సెక్షన్ ఒకటి ఇలాగే పోయింది. అంటే నేరం ఎంత ఘోరమైనా, చేసిన మనిషినీ సందర్భాన్నీ చూడకుండా శిక్ష వేయకూడదన్నది ఈ దేశంలో స్థిరపడిన న్యాయం. హంతకుడి విషయంలో ఒప్పుకున్న ఈ మాటని చోడి చేను కాపలా రైతు విషయంలో ఎందుకు మర్చిపోతున్నాం?

కనీస శిక్షల పక్షాన ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటేసి పోలేను. కనీస శిక్ష లేకపోతే డబ్బు, పలుకుబడి ఉన్నవాడు జరిమానాతో బయటపడతాడు. 1993 ముంబయి పేలుళ్ల కేసులో సంజయ్ దత్‌కి 2013లో సుప్రీంకోర్టు ఐదేళ్లు ఖరారు చేసింది. అప్పట్లో నిషిద్ధ ఆయుధం దగ్గరుంచుకుంటే చట్టంలో ఉన్న కనీస శిక్ష అదే. అంత పేరున్న మనిషి కూడా యరవాడ జైలుకి వెళ్లాల్సి వచ్చిందంటే ఆ కనీసానికి అంత బలం ఉండబట్టే. అందుకే నేను కనీస శిక్షలన్నీ ఎత్తేయమని అనడం లేదు. ఆటోమేటిక్ ఆయుధాల తయారీకీ, అమ్మకానికీ, సరిహద్దులు దాటించే ముఠాలకీ, పోలీసుల చేతిలోంచి తుపాకీ లాక్కున్నవాళ్లకీ పదేళ్లు, యావజ్జీవం ఉండనీయండి. 2019 సవరణలో ఆ భాగం నాకు సబబుగానే కనిపిస్తుంది. మూతిలోంచి మందు కూరే గొట్టాన్ని కూడా అదే ఊపులో పైకి ఈడ్చుకుపోవడమే బాధ.

ఆ రైతుకి చట్టంలోనే ఒక దారి ఉంది. 13వ సెక్షన్ చదివితే కనిపిస్తుంది. నిజంగా పంట కాపాడుకోవడానికి మూతి నింపే తుపాకీ కావాలంటే లైసెన్సు ఇవ్వాలని పార్లమెంటు 1959లోనే రాసింది. అలాంటి కాగితం ఒకటి ఉంటుందని మా వైపు కొండ ఊళ్లలో నేను అడిగిన ఒక్కరికీ తెలియదు. తెలిసినా దరఖాస్తు, పోలీసు విచారణ, ఒడియాలో ఫారాలు, జిల్లా కేంద్రానికి బస్సు ఛార్జీలు. మూడుసార్లు తిరిగితే ఒక పంట పెట్టుబడి పోతుంది. కర్ణాటకలోని కొడగులో కొడవ జాతి వారికి, జమ్మా భూమి (తరతరాలుగా వారసత్వంగా వచ్చే భూమి) హక్కుదారులకు లైసెన్సే అక్కర్లేదు. బ్రిటిష్ కాలం నుంచీ ఉన్న ఆ మినహాయింపును కేంద్రం 2019లో మరో పదేళ్లు పొడిగించింది, 2021లో అక్కడి హైకోర్టు సమర్థించింది. వాళ్ల మీద నాకు ఈర్ష్య లేదు, వాళ్ల సంప్రదాయం వాళ్లది. కానీ ఒక కొండజాతి ఇంట్లో తుపాకీ సంప్రదాయమై, ఇంకో కొండజాతి ఇంట్లో రెండేళ్ల జైలు అయినప్పుడు, తేడా తుపాకీలో లేదు కదా.

ఇంకో పోలిక మా ప్రాంతానికే చెందింది. 2004 ఫిబ్రవరి 6న మావోయిస్టులు కోరాపుట్ జిల్లా ఆయుధాగారం మీద పడి వందల తుపాకులు ఎత్తుకుపోయారు. ఈ కొండల్లో తుపాకీ అంటే మా తరానికి మొదట గుర్తొచ్చేది ఆ దాడే. ఆ తర్వాత ప్రభుత్వాలు లొంగుబాటు పథకాలు పెట్టాయి. ఆయుధంతో వచ్చి లొంగిపోతే, పునరావాసం కాక, ఆ ఆయుధానికి అదనంగా డబ్బు ఇస్తారు. ఇది తెలివైన పని, దానివల్ల అడవిలోంచి తుపాకులు బయటికొచ్చాయి. మరి ఎవర్నీ కాల్చని రైతు తన నాటు తుపాకీ పట్టుకుని స్టేషన్‌కి వెళ్తే ఏమవుతుంది? అరెస్టవుతానేమోనని భయపడి దాన్ని గడ్డివాములో దాస్తాడు. రెండేళ్ల కనీస శిక్ష ఆ తుపాకీని ఇంకా లోపలికి నెడుతోంది.

ఇక కాల్చినవాడి సంగతి. అతనికి చట్టంలో శిక్ష తక్కువేమీ లేదు. చనిపోతే మరణశిక్ష లేదా యావజ్జీవం, ప్రాణాంతక ఆయుధం వాడి దోపిడీ చేస్తే కనీసం ఏడేళ్లు. అక్కడ లోటు శిక్షలో కాదు, రుజువులో. పంచనామా మీద సంతకం పెట్టిన ఇద్దరూ కోర్టుకొచ్చి ‘ఖాళీ కాగితం మీద పెట్టించారు’ అంటారు. పట్టుకున్న తుపాకీకి సీలు సరిగా వేయరు. లైసెన్సు లేని తుపాకీ దగ్గరుంచుకున్న నేరం కూడా అతని మీద మోపితే దానికి జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. అది లేక కేసు చిక్కుల్లో పడుతుంది. తూటా ఆ తుపాకీలోంచే వచ్చిందని చెప్పే ల్యాబు రిపోర్టు వచ్చేసరికి సాక్షి విశాఖపట్నమో సూరత్తో వెళ్లి ఉంటాడు. గంజాం జిల్లాలో సూరత్‌కి వలసపోయిన మనిషి లేని ఊరు అరుదు. నాటు తుపాకీ దాచిన కేసులోనూ పంచనామా, సీలు, అనుమతి కావాలి గానీ, తూటా పోల్చే రిపోర్టూ, కాల్పులు చూసిన సాక్షీ అక్కర్లేదు, వస్తువు చేతిలో దొరకడమే ముఖ్యం. అందుకే కేసు కట్టడం అక్కడ సుఖం.

2024 జులై 1 నుంచి వచ్చిన, నేర విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితలో రెండు మంచి మాటలున్నాయి. సోదాని, జప్తుని వీడియో తీయాలి. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలి. కాగితం మీద ఇది చాలా పెద్ద మార్పు. రాయగడ జిల్లా మారుమూల ఊరికి ఆ నిపుణుడు ఎన్ని గంటల్లో చేరతాడు, వ్యాను ఉందా, డీజిల్ ఉందా అన్నదాని మీదే ఆ మార్పు నిజమా కాదా తేలుతుంది. శిక్ష పెంచడానికి పార్లమెంటులో ఒక ఓటు చాలు. వ్యానుకి ఏటేటా డబ్బు కావాలి, అందుకే దాని గురించి ఎవరూ మైకు ముందు మాట్లాడరు.

శిక్ష ఎంత వేయాలో చెప్పే మార్గదర్శకాలు మన దగ్గర ఇప్పటికీ లేవు. కావాలని 2003లో, నేర న్యాయ వ్యవస్థ సంస్కరణల కోసం వేసిన మలిమత్ కమిటీ అడిగింది. 2024 మేలో సుప్రీంకోర్టు బీహార్ కేసు ఒకదానిలో, సమగ్ర శిక్షా విధానం తేగలరా, ఆరు నెలల్లో చెప్పమని కేంద్ర న్యాయశాఖను అడిగింది. అది వస్తే తుపాకీ కేసుల్లో జడ్జి తప్పకుండా చూడాల్సినవి నా దృష్టిలో కొన్నే. అది ఏ రకం ఆయుధం? నింపి ఉందా? చేలో దొరికిందా, బజారులోనా? మనిషి మీద గురి పెట్టాడా? అమ్మకం ఉందా? పాత కేసులున్నాయా? నాటు తుపాకీ కేసుల్లో ఇప్పుడు కూడా ‘ప్రత్యేక కారణాలు’ తీర్పులో రాసి రెండేళ్ల కన్నా తక్కువ వేసే వెసులుబాటు ఉంది. అయితే ఆ కారణాలు ఏవో చట్టం చెప్పదు. ఒక జడ్జిగారికి కొండ రైతు అవసరం ప్రత్యేక కారణం అవుతుంది, పక్క కోర్టులో అవదు. తూటా తగిలినవాడి వైపు కూడా ఏదో ఒకటి రాసి ఉండాలి. తుపాకీతో మనిషిని గాయపరిస్తే దాచుకున్న నేరం కన్నా కనీస శిక్ష స్పష్టంగా, ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. ఒక్క ఏడాది తేడా నేరస్తుడికి ఏ సంగతీ చెప్పదు.

దాంతోపాటు ప్రభుత్వం ఒక గడువు పెట్టి, నాటు తుపాకులు కేసు లేకుండా అప్పగించమని సవర, కువి (కోందుల భాష), తెలుగు భాషల్లో సంతల్లో దండోరా వేయించాలి. అప్పగించినవాడికి పంట కాపలా లైసెన్సు దరఖాస్తు అక్కడే రాయించాలి, లేదంటే పందుల నష్టానికి పరిహారం ఇప్పించాలి. ఆ గడువు దాటాక కూడా దాచినవాడి మీద కేసు పెడితే అప్పుడు నేనేమీ అనను.

ఆ రోజు కోర్టు ముగిశాక బయట టీ కొట్టు దగ్గర ఇద్దరూ కనిపించారు. రైతుని ప్లీడరు గుమస్తా పక్కకి పిలిచి తెలుగులో చెబుతున్నాడు: “ఒప్పేసుకుంటే రెండేళ్లు, కొట్లాడితే ఎన్నేళ్లు తిరగాలో తెలీదు, ఆలోచించుకో బావూ.” రైతు వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్నాడు. పంటలో, ఏళ్లో. పక్క బెంచీ మీద తొడ గాయం మనిషి చేతికర్రని గోడకి ఆనించి, వచ్చే వాయిదా తేదీ చీటీని చొక్కా జేబులో మడిచి పెట్టుకుంటున్నాడు.